‘భారీగా పడింది’ అంటే ఎంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
ఈసారి అంశం: వాన, గాలి, పిడుగు, వరదలను గమనించి కబురందించే ఊరి వాలంటీర్లు

ప్రశ్న: మా యువజన సంఘంలో ఇరవై మందిమి కలిసి, వానలూ తుఫాన్లప్పుడు అధికారులకు సమాచారం పంపే బృందం పెట్టుకోవాలనుకుంటున్నాం. రాడార్లు, ఉపగ్రహాలు ఉండగా మీ కళ్ళతో చూసింది ఎవరిక్కావాలని ఊళ్ళో కొందరు నవ్వుతున్నారు. నిజంగా ఉపయోగం ఉందా? ఉంటే శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?
– రేపల్లె నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు రాడార్ సంగతి. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో డాప్లర్ రాడార్లు (మబ్బుల్లోకి రేడియో కిరణం పంపి వాన, గాలి జాడ పట్టేవి) ఉన్నాయి. వాటి కిరణం నేలను పట్టుకుని పోదు. అర డిగ్రీ పైకెత్తి పంపినా, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, 150 కిలోమీటర్లు వెళ్ళేసరికి అది నేలకు సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మబ్బులో నీరెంత ఉందో, మబ్బు ఎటు కదులుతోందో అది చెప్పగలదు. మీ ఊరి చప్టా మీద నీళ్ళు పారుతున్నాయో లేదో, పడ్డ వడగళ్ళు శనగగింజంతో నిమ్మకాయంతో, స్తంభాలు ఎన్ని ఒరిగాయో దానికి తెలియదు. అది చెప్పాల్సింది నేల మీదున్న మనిషే. నవ్వేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

ఇక మనుషుల ఎంపిక. ఇరవై మందీ ఒకే వీధివాళ్ళూ ఒకే వయసువాళ్ళూ అయితే మీకున్నది ఒక్క పరిశీలకుడే అనుకోండి. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో మెలకువగా ఉండేవాళ్ళు కావాలి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళు, తెల్లవారుజామున పాలకేంద్రం తెరిచేవాళ్ళు, కాలువ మీద లస్కరు, లైన్‌మన్, ఆశా కార్యకర్త, బడి పంతులు. రాత్రి రెండు గంటలప్పుడు చెరువు గట్టు మీద మేలుకుని ఉన్న కాపలాదారు, చురుకైన పదిమంది కుర్రాళ్ళ పెట్టు.

శిక్షణకు రెండు పూటలు చాలు. మొదటి పూట వానమాపకం తయారీ, కబురు రాయడం. రెండో పూట గాలి, వడగళ్ళు, పిడుగు జాగ్రత్తలు, ఊపిరి ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం. మధ్యలో ఒక సాయంత్రం అందరూ కలిసి ఊరంతా నడవండి. చప్టాలు, కాలువ గట్టు పలచబడ్డ చోట్లు, లోతట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, రేకుల ఇళ్ళు, నిండు గర్భిణులున్న ఇళ్ళు, మంచం మీదున్న వృద్ధుల ఇళ్ళు ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. పిడుగులూ వడగళ్ళూ ఎక్కువగా మార్చి నుంచి మే దాకా. మనకు పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పాఠం మళ్ళీ చెప్పుకోవాలి. ఒక్కసారి నేర్చుకుని ఆరు నెలలు వాడకపోతే, అసలు రోజున సగం మందికి ఏ నంబరుకు ఫోన్ చేయాలో గుర్తుండదు.

ఒక హెచ్చరిక. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ‘ఆపద మిత్ర’ వేరు. అందులో 18–40 ఏళ్ళవాళ్ళకు పన్నెండు రోజుల శిక్షణ ఇస్తారు. మనుషుల్ని కాపాడటం, ప్రథమ చికిత్స అందులో ముఖ్యం. మీ బృందం పని చూడటం, కొలవడం, చెప్పడం. ఈ రెండూ కలిపేస్తే, గట్టు మీద నిలబడి నీటిమట్టం చెప్పాల్సినవాడు తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగుతాడు. అప్పటినుంచి మీ కబుర్లు ఆగిపోతాయి.

ప్రశ్న: ‘కబురు రాయడం’ కూడా నేర్పాలా? వాట్సాప్‌లో అందరూ పెడుతూనే ఉన్నారు కదా!
– తుని

జవాబు: పెడుతున్నారు. ‘మా దగ్గర కుండపోత, దేవుడే కాపాడాలి’ అని. దాంతో మండలాఫీసులో ఉన్నవాళ్ళు ఏం చేయగలరు?

కబురులో నాలుగు ఉండాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి–ఎంత, ఎలా తెలిసింది. నాలుగోదాన్ని అందరూ వదిలేస్తారు. అసలు విలువంతా దానిలోనే ఉంది. కొలిచారా, కళ్ళారా చూశారా, ఎవరో చెబితే విన్నారా అన్నది రాస్తే, అవతలివాళ్ళు దాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకుంటారు. మచ్చుకు ఒకటి:

‘సాయంత్రం 4:20. ఫలానా మండలం, ఫలానా గ్రామం, రామాలయం వీధి. వడగళ్ళు, అన్నిటికన్నా పెద్దది 27 మి.మీ. స్వయంగా కొలిచాను. 5 నిమిషాలు పడి ఆగాయి.’

మండలం పేరు ఎందుకంటే, కొత్తపల్లి, కొత్తపేట, రామాపురం అన్న పేర్లు జిల్లాకు అరడజను ఉంటాయి. ‘మా ఊరు’ అన్నది కబురు పంపినవాడి మనసులోనే ఉంటుంది. సమయం కూడా చూసిన సమయం వేయాలి, పంపిన సమయం కాదు. సిగ్నల్ లేక రెండు గంటలు ఫోన్‌లోనే ఉండిపోయిన కబురు, ఇప్పుడే జరిగినట్టు వెళ్ళిపోతుంది.

ఫొటో తీస్తే మామూలుగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గించి, అందులోని సమయం, స్థలం వివరాలు తీసేస్తుంది. ఏ దిక్కుకు తిరిగి తీశారో ఒక్క మాట రాయండి.

సాధనకు ఒక చిన్న పద్ధతి. పాత వరద, గాలివాన ఫొటోలు పదిహేను పోగుచేసి ఒక్కోటి నిమిషం సేపు చూపించండి. చూసినవాళ్ళు రెండు పంక్తుల్లో కబురు రాయాలి. తర్వాత ‘భయంకరం’, ‘బీభత్సం’, ‘కనీవినీ ఎరుగని’ లాంటి మాటలన్నీ కొట్టేయండి. మిగిలినదే కబురు. మొదటిసారి చాలామందికి ఏమీ మిగలదు. మూడోసారికి కుదురుకుంటారు.

ఇంకొకటి: ఎవరో పంపిన వీడియోను మీ కబురుగా పంపకండి. ప్రతి తుఫానుకూ పాత తుఫాను వీడియోలు తిరిగి లేస్తాయి. జనాన్ని కంగారుపెట్టే తప్పుడు హెచ్చరికలు పుట్టిస్తే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. పరిశీలకులు కబురు పైకి పంపుతారు. హెచ్చరిక ఇవ్వాల్సింది అధికారులు. అది వచ్చాక ఊళ్ళో మైకులో చెప్పించడం మళ్ళీ మీ పని.

ప్రశ్న: ఇంట్లోనే వానమాపకం చేసుకోవచ్చా? మేం చేసినదానికీ మండల కేంద్రంలోని లెక్కకూ పొంతన కుదరడం లేదు. మా తప్పా, వాళ్ళ తప్పా?
– జగిత్యాల జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఇద్దరి తప్పూ కాకపోవచ్చు. వేసవి ఉరుముల వానలో నాలుగు కిలోమీటర్ల తేడాలో ఒకచోట 50 మి.మీ., ఇంకోచోట చినుకు కూడా లేకపోవడం మామూలే. ఊరూరా కొలవమనడం అందుకే. అయితే ముసురు పట్టి రోజంతా కురిసిన వానకు కూడా ప్రతిసారీ ఒకే వైపు తేడా వస్తుంటే, మీ పాత్రను అనుమానించాలి.

తేలిక పద్ధతి ఇది. నిటారు గోడలున్న డబ్బా ఏదైనా తీసుకోండి, స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా సరే. మూతి లోపలి వ్యాసం సెంటీమీటర్లలో కొలవండి. దాన్ని దానితోనే గుణించి, 0.785తో మళ్ళీ గుణిస్తే మూతి వైశాల్యం వస్తుంది. అందులో పదో వంతు ఎంతో, అన్ని మిల్లీలీటర్ల నీళ్ళు ఒక మిల్లీమీటరు వాన. మూతి 16 సెం.మీ. అయితే వైశాల్యం 201 చదరపు సెం.మీ.; అంటే 20 మి.లీ.కి 1 మి.మీ. మూతి 11.3 సెం.మీ. అయితే లెక్క మరీ సులువు, 10 మి.లీ.కి 1 మి.మీ. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి ఒకటి (సూది అక్కర్లేదు) కొలతకు సరిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మూతి 10 సెం.మీ. ఉన్న డబ్బా పెట్టి, పుస్తకంలో చూసిన ‘10 మి.లీ. = 1 మి.మీ.’ లెక్క వాడతారు. దానికి రావాల్సింది 7.85 మి.లీ. అంటే కురిసిన వానలో ఐదో వంతుకు పైగా లెక్కలోకి రాకుండా పోతుంది. మీకు ప్రతిసారీ తక్కువే వస్తోందంటే ముందు ఇదే చూడండి.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, గరాటులా బోర్లించి పెట్టే పద్ధతి బడిపిల్లలకు బాగుంటుంది. కానీ సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది. కొన్ని గులకరాళ్ళు వేసి, నిటారు భాగం మొదలయ్యేదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. అక్కణ్ణించి స్కేలుతో కొలిస్తే నేరుగా మిల్లీమీటర్లు. రోజూ నీళ్ళను ఆ గీత దాకా సరిచూడాలి, ఎండకు తగ్గిపోతుంటాయి.

పెట్టే చోటు కూడా పాత్ర అంత ముఖ్యం. మూతి అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి, తక్కువైతే నేల మీద పడ్డ చినుకులు ఎగిరి లోపల పడతాయి. పక్కన ఇల్లో చెట్టో ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం జరగాలి. మేడ మీద పెట్టకండి. అక్కడ గాలి విసురుకు చినుకులు మూతి మీంచి కొట్టుకుపోతాయి, తక్కువ చూపిస్తుంది. గాలికి పడిపోకుండా రెండు ఇటుకల మధ్య బిగించండి. కుక్కలూ కోళ్ళూ రాకుండా చుట్టూ నాలుగు కర్రలు పాతితే మేలు.

రీడింగు ఉదయం 8:30కి. వాతావరణ శాఖ దేశమంతటా తీసే వేళ అదే. నిన్న 8:30 నుంచి ఇవాళ 8:30 దాకా పడిన వానను ఇవాళ్టి తేదీ కింద రాయాలి. ‘వాన నిన్న సాయంత్రం కదా పడింది’ అని నిన్నటి తేదీ వేస్తే మీ పుస్తకం మండలం లెక్కకు ఒక రోజు వెనక నడుస్తుంది. పొంతన కుదరకపోవడానికి రెండో పెద్ద కారణం ఇదే.

తుఫాను రోజు 8:30 దాకా ఆగకండి. డబ్బా పొర్లిపోతే ఆ లెక్క ఇక ఎప్పటికీ దొరకదు. మూడు గంటలకోసారి కొలిచి, ఒంపేసి, చివర కూడండి. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే వాతావరణ శాఖ లెక్కలో ‘భారీ’, 115.6 దాటితే ‘అతి భారీ’, 204.5 దాటితే ‘అత్యంత భారీ’ వర్షం. పత్రికలు సెంటీమీటర్లలో రాస్తాయి, మీరు మిల్లీమీటర్లలో కొలుస్తారు. 12 అని రాసి ఊరుకుంటే అది చిరుజల్లో, అతి భారీ వానో చదివేవాళ్ళకు తెలియదు. అంకె పక్కన మి.మీ. తప్పకుండా రాయాలి.

ప్రశ్న: గాలి వేగం కొలిచే పరికరం లేదు. అంచనాగా ‘వంద కిలోమీటర్ల వేగం’ అని రాయవచ్చా?
– అమలాపురం

జవాబు: రాయకండి. గాలి జోరును మనిషి చెవి ఎప్పుడూ ఎక్కువగానే లెక్కేస్తుంది, రాత్రిళ్ళు మరీను. గాలి ఏం చేసిందో రాయండి. పెద్ద కొమ్మలు ఊగుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే గంటకు 39–49 కి.మీ. చెట్లు మొత్తంగా ఊగుతూ, ఎదురు నడవడం కష్టమైతే 50–61. రెమ్మలు విరిగి పడుతుంటే 62–74. పెంకులు లేస్తుంటే 75–88. చెట్లు వేళ్ళతో సహా పడిపోతుంటే 89 పైన.

ఇది బ్యూఫోర్ట్ కొలమానం. ఇంగ్లండు సముద్రానికీ అక్కడి చెట్లకూ పుట్టింది కాబట్టి కోనసీమలో కాస్త సర్దుకుని వాడాలి. అరటి, బొప్పాయి, మునగ చిన్న గాలికే పడతాయి. అవి సాక్ష్యం కావు. వారం రోజులుగా నానిన నేలలో మహావృక్షం కూడా తక్కువ గాలికే ఒరుగుతుంది. అందుకని చెట్టు పేరు, మొదలు చుట్టుకొలత, విరిగిందా పెకిలిందా, పుచ్చు ఉందా అన్నవి రాస్తే, వేగం అంచనా నిపుణులు వేసుకుంటారు.

పడిన చెట్ల దిక్కు కూడా గమనించండి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వేల చెట్లు కూలినప్పుడు ‘టోర్నడో’ అన్న మాట ఊరూరా పాకింది. మబ్బులోంచి ఒక్కసారిగా కిందికి దూకిన గాలి కూడా అడవిని పడగొట్టగలదు. అప్పుడు చెట్లు ఒకే వైపుకో, ఒక చోటినుంచి విసనకర్రలా బయటికో పడి ఉంటాయి. సుడిగాలిలో సన్నని దారి వెంట ఎదురెదురుగా, మెలితిరిగి పడతాయి. పేరు పెట్టే పని మీది కాదు. దిక్సూచితో పది చెట్ల దిక్కులు రాసి పంపండి, ఆ పేరు దానంతటదే తేలుతుంది.

ప్రశ్న: వడగళ్ళు కరిగిపోయేలోగా ఎలా నమోదు చేయాలి?
– నిజామాబాద్ జిల్లా

జవాబు: స్కేలు పక్కన పెట్టి ఫొటో. స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ళ, వ్యాసం 27 మి.మీ. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు వద్దు, ముద్రించిన ఏడాదిని బట్టి వాటి సైజు మారింది. ‘గోళీ అంత’ అన్న మాట కూడా వద్దు, గోళీలు ఎన్ని సైజులో పిల్లలకు తెలుసు. అన్నిటికన్నా పెద్దది ఎంత, ఎక్కువగా పడ్డవి ఎంత, ఎన్ని నిమిషాలు, గాలితోనా గాలి లేకుండానా అన్నవి రాయండి. గాలితో ఏటవాలుగా కొట్టిన చిన్న వడగళ్ళు మామిడి పిందెకూ వరి కంకికీ పెద్దవాటికన్నా ఎక్కువ నష్టం చేస్తాయి. ఏరబోయి నెత్తి పగలగొట్టుకోకండి, ఆగాకే బయటికి. తీసినవాటిని మూత ఉన్న గిన్నెలో వేసి ఫ్రిజ్ పైఅరలో పెడితే నిదానంగా కొలవవచ్చు.

మీరు పొలంలో లేనప్పుడు పడేవాటికి ఒక ఉపాయం ఉంది. అంగుళం మందం థర్మోకోల్‌ను 30 సెం.మీ. చదరంగా కోసి, వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టి, చెక్కకు బిగించి ఆరుబయట పెట్టండి. వడగళ్ళ దెబ్బలు రేకు మీద గుంటలుగా మిగులుతాయి. 1998లో కొలరాడోలో మొదలై అమెరికా అంతా పాకిన ‘కోకోరాస్’ అనే వానకొలత బృందం వాడే పద్ధతి ఇది. ఖర్చు వంద రూపాయలకు అటూ ఇటూ.

ఫసల్ బీమా కింద ఉన్న పంటకైతే వడగళ్ళ నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి. మీ సమయం, కొలత, ఫొటో ఆ రైతుకు పనికొస్తాయి.

ప్రశ్న: మా నాన్న గొర్రెలు మేపుతారు. ఫోన్‌లో దామిని యాప్ వేసిచ్చాను. పిడుగుల నుంచి అది చాలా?
– అనంతపురం జిల్లా

జవాబు: పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి యాప్ అది. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల్ని చూపిస్తుంది. కానీ డేటా సిగ్నల్ ఉండాలి. గుట్టల్లో అది ఉండదు. నాన్నగారికి చెవులున్నాయి, వాటికి పని నేర్పండి.

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్లలోపు వినబడిందంటే పది కిలోమీటర్లలోపు ఉంది, అంటే తర్వాతిది నెత్తిమీద పడగల దూరం. పక్కా ఇల్లో, తలుపులు మూసిన బస్సో, కారో చేరాలి. ఆఖరి ఉరుము విన్నాక ముప్పై నిమిషాలు ఆగాలి. చాలామంది దెబ్బతినేది వాన తగ్గగానే బయల్దేరి.

చెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. గోడల్లేని రేకుల షెడ్డు, బస్ షెల్టర్, పైకప్పు లేని ట్రాక్టరు రక్షణ కావు. ఏదీ దొరకకపోతే గట్టు దిగి, నీళ్ళకూ తీగల కంచెకూ దూరంగా, పల్లంలో పాదాలు దగ్గరపెట్టి గొంతుకూర్చోవాలి. పడుకోకూడదు. నలుగురుంటే విడివిడిగా ఉండాలి. దీంతో ముప్పు పోదు, కాస్త తగ్గుతుందంతే. గొర్రెల్ని వదిలేయమనండి. ఎంత కష్టమైనా సరే, వదిలేయమనే చెప్పండి.

సెల్‌ఫోన్ పిడుగును పిలుస్తుందన్నది అపోహ. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నదీ అపోహే. ఆ ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి ఆగి ఉంటే వెంటనే ఛాతీ మధ్యలో ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి. నోటితో ఊపిరి ఇవ్వడం వస్తే ముప్పై నొక్కులకు రెండుసార్లు. ఒకరు నొక్కుతుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పేడలో కప్పిపెట్టడం లాంటివాటితో ఆ నిమిషాలు వృథా చేయకూడదు.

పరిశీలకులకు కూడా ఇదే నియమం. ఉరుము వినబడిందంటే మీ పరిశీలన ఇంటి కిటికీలోంచే.

ప్రశ్న: మా వాగు మీద లోలెవల్ చప్టా ఉంది. ఏటా ఎవరో ఒకరు బండితో సహా కొట్టుకుపోతున్నారు. పరిశీలకులు ఏం చేయగలరు?
– భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: గోదావరికి భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలున్నాయి. మీ వాగుకు ఏమీ లేదు. కాబట్టి గీతలు మీరే గీయండి.

నీళ్ళు లేని రోజుల్లో పంచాయతీతో మాట్లాడి, చప్టాకు రెండు వైపులా గట్టి రాతికో స్తంభానికో పెయింటుతో గుర్తులు పెట్టండి. రోడ్డు మట్టం సున్నా. దానికి పైన ప్రతి 10 సెం.మీ.కి ఒక గీత, దాని కింద కూడా మీటరు దాకా. కింది గీతలే ఎక్కువ అవసరం, ఎందుకంటే నీళ్ళు రోడ్డెక్కకముందే కబురు వెళ్ళాలి. గీతల పక్కన రేడియం స్టిక్కర్ అంటిస్తే రాత్రి టార్చి వెలుగులో దూరంనుంచే కనబడతాయి, దగ్గరికి పోనక్కర్లేదు.

మట్టం ఒక్కటే చెబితే సగం కబురే. పదిహేను నిమిషాలకోసారి చూసి, ఎంత పెరిగిందో చెప్పండి. ‘సున్నాకు 40 సెం.మీ. కింద, పావుగంటలో 15 పెరిగింది’ అంటే పోలీసులకు గంటలోపు తాడు కట్టాలని అర్థమైపోతుంది. నీటి రంగు మారి ఎర్రబడితే, కొమ్మలూ చెత్తా రావడం మొదలైతే, ఎగువన వాన పడిందన్నమాట. మీ దగ్గర ఎండ కాస్తున్నా సరే కబురు పంపండి. ఎగువ ఊళ్ళో ఒక పరిశీలకుణ్ణి కుదుర్చుకుని, నీళ్ళు అక్కణ్ణించి మీ దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో రెండు మూడు వరదలకు రాసి పెట్టుకుంటే, మీకున్న వ్యవధి ఎంతో తేలుతుంది. ఇంతకు మించిన పరికరం ఏ ఆఫీసూ మీకివ్వలేదు.

దాటడం గురించి: పరుగెత్తే నీళ్ళు 15 సెం.మీ. ఉంటే మనిషి కాళ్ళు నిలవవు, 30 సెం.మీ.కి చిన్న కారు తేలుతుంది, 60కి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా బురదనీటి కింద రోడ్డు ఉందో తెగిందో ఎవరికీ కనబడదు.

చెరువు కట్ట ఉంటే అలుగు (మీ వైపు మత్తడి) ఎంత ఎత్తున దూకుతోందో చూడటంతోపాటు, కట్ట వెనకవైపు అడుగున ఊట చూడాలి. తేట నీరు ఊరుతుంటే రాసుకుని కనిపెట్టి ఉండండి. అదే నీరు మట్టితో కలిసి వస్తుంటే కట్ట లోపల బుంగ పడిందన్నమాట. ఇరిగేషన్ ఏఈకి, తహసీల్దారుకి ఆ క్షణమే ఫోన్ చేయాలి; కింది ఇళ్ళవాళ్ళను లేపాలి.

ప్రశ్న: ఎవరికి చెప్పాలి? ఒకే సంగతి పదిమంది పది నంబర్లకు చేస్తే?
– నెల్లూరు

జవాబు: ప్రాణాపాయం ఉంటే ముందు 112. కరెంటు తీగ తెగిపడితే 1912, పది మీటర్ల లోపలికి ఎవర్నీ రానివ్వకుండా. సముద్రంలో పడవ ఆపదలో ఉంటే కోస్ట్‌గార్డ్ 1554. మిగతా కబుర్లు జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి, అక్కడ దొరక్కపోతే రాష్ట్ర కేంద్రం 1070కి. భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ప్రజలు తాము చూసింది నమోదు చేసే పేజీ కూడా ఉంది.

బృందంలో పూటకొకరిని ‘కబురు పెద్ద’గా పెట్టండి. అందరూ వాళ్ళకే చెప్పాలి, పైకి చేసేది వాళ్ళొక్కరే. కబుర్ల గ్రూపులో శుభోదయాలు, దండాలు, ‘ఓకే సార్’లు నిషేధం, వాటికి వేరే గ్రూపు. తుఫాను రోజు డేటా ముందు పోతుంది, ఎస్సెమ్మెస్ కాసేపు బతుకుతుంది. కాబట్టి 1077, తహసీల్దారు, గ్రామ సచివాలయం నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. సెల్ టవర్లన్నీ పోయినా పనిచేసేది హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు సొంతంగా నడుపుకునే వైర్‌లెస్. పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి, పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా రాయవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను అడగండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ‘స్కైవార్న్’ క్లాసుకు వెళ్ళమని పక్కింటివాళ్ళంటున్నారు. వెళితే తుఫానుల వెంట కార్లో తిరగాలా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అక్కర్లేదు, మొదటి రెండేళ్ళు తిరగకపోవడమే మంచిది. స్కైవార్న్ అమెరికా జాతీయ వాతావరణ సంస్థ నడిపే పరిశీలకుల వ్యవస్థ. డాలస్ ప్రాంతానికి ఫోర్ట్‌వర్త్ ఆఫీసు. క్లాసు ఉచితం, సుమారు రెండు గంటలు, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. వాళ్ళకు కావలసింది సుడిగాలి, తిరుగుతున్న మబ్బుగోడ (గాలివాన మబ్బు అడుగునుంచి కిందికి దిగిన ముద్ద), అంగుళం లేదా అంతకన్నా పెద్ద వడగళ్ళు, గంటకు 58 మైళ్ళు దాటిన గాలి, వరద. వడగళ్ళను క్వార్టర్ (పావు డాలరు బిళ్ళ), గోల్ఫ్ బాల్ అంత అని చెబుతారు. అక్కడా ‘గోళీ’ పనికిరాదు.

కొత్తవాళ్ళు పొరపడేది అరుగులా ముందుకు పొడుచుకొచ్చిన మబ్బు దగ్గర. చూడటానికి ప్రళయంలా ఉంటుంది, కానీ అది గాలివాన ముందు అంచు, సుడి కాదు. ఒక నిమిషం నిలకడగా చూడండి. ఒక కేంద్రం చుట్టూ తిరుగుతోందా, ఊరికే ముందుకు దొర్లుతోందా? తిరుగుతుంటేనే ‘తిరుగుతోంది’ అని చెప్పాలి. సైరన్ మోగితే పరిశీలన ఆపి, ఇంట్లో కింది అంతస్తులో కిటికీల్లేని గదిలోకి వెళ్ళాలి.

ప్రశ్న: తుఫాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే దాటిపోయినట్టేనా?
– భీమునిపట్నం

జవాబు: చాలాసార్లు కాదు. తీవ్ర తుఫాను కన్ను (నట్టనడుమ గాలి నెమ్మదించే చోటు) మీ మీదికి వస్తే గాలి ఆగి, కొన్నిసార్లు ఆకాశం కూడా తేటపడుతుంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి మళ్ళీ అంతే జోరుగా విరుచుకుపడుతుంది. రేకులు సర్దుకుందామని అప్పుడు బయటికొచ్చినవాళ్ళే దెబ్బతింటారు. గాలి ఆగిన నిమిషం, మళ్ళీ మొదలైన నిమిషం, అంతకుముందు ఏ దిక్కునుంచి వీచింది, తర్వాత ఏ దిక్కునుంచి – ఈ నాలుగూ తుఫాను హెచ్చరికల కేంద్రానికి ఎంతో విలువైనవి. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం మీ ఎడమవైపు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఆ నిలబడేదేదో వరండాలో, తలుపు దగ్గర.

ప్రశ్న: తూనీగలు కిందికి ఎగిరితే, చీమలు గుడ్లు మోస్తే వాన అంటారు. కబురులో రాయవచ్చా?
– వనపర్తి

జవాబు: మీ సొంత పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. పక్కన వాన పడిందో లేదో కూడా రాయండి, పడని రోజులు మరీ ముఖ్యంగా. 1077కి మాత్రం వద్దు.

ప్రశ్న: వాన పడని రోజు పుస్తకంలో ఏం రాయాలి?
– జగిత్యాల ఉపాధ్యాయిని విద్యార్థులు

జవాబు: 0. ఖాళీ వదిలితే వాన పడలేదో, మీరు చూడలేదో తెలియదు. డబ్బా తడిసి, కొలిచేందుకు చుక్క కూడా లేకపోతే ‘జాడ’ అని రాయండి. ఊరికి వెళ్ళి చూడలేకపోయిన రోజు ‘చూడలేదు’ అని రాయండి. మూడు రోజుల తర్వాత వచ్చి డబ్బాలో 18 మి.మీ. ఉంటే, దాన్ని మూడు రోజులకూ ఆరేసి చొప్పున పంచకండి. ‘మూడు రోజులకు కలిపి 18’ అని ఒకే చోట రాయండి.